మగపిల్లలు నిలవని ఇల్లు

మా మనవడికి ఏడో నెల వచ్చిన దగ్గర నుంచి మా ఇంట్లో సీసాలు కొనే పని లేకపోయింది. వాడి దగ్గుమందు సీసాలు, టానిక్కు సీసాలు వేణ్ణీళ్ళలో ఉడికించి ఎండబెట్టి, ఒకదాంట్లో నువ్వులనూనె, ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో వాము పోసుకునేదాన్ని. వస్తువు పారేయడం నాకు చేతకాదు. ఏడాది తిరిగేసరికి అటక మీద ఖాళీ సీసాలకు చోటు చాలలేదు. ఒకనాడు అటక దులుపుతూ ఆ వరస చూశాను. స్టూలు మీదే కూర్చుని సీసాలు లెక్కపెట్టాను. పిల్లలన్నాక జలుబు చేస్తుంది, తగ్గుతుంది. ఇన్ని సీసాలు ఏ పిల్లాడూ తాగడు.

మాది శ్రీకాకుళం అవతల ఒక పల్లె. పెళ్ళయిన ఏడే ఖరగ్‌పూర్ వచ్చేశాను. మా ఇంటాయన, గూడ్సు బళ్ళని లైన్లు మార్చి తగిలించే నింపురా యార్డులో పాయింట్స్‌మన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యారు. తరవాత మలంచా రోడ్డు వెనక రెండు గదులు వేసుకున్నాం. నాకిద్దరూ ఆడపిల్లలే. పెద్దదాని మొగుడు వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టరు వచ్చే దాకా వాళ్ళు మా దగ్గరే ఉన్నారు. చిన్నది అప్పటికి బడికి పోతోంది. నేను చదివింది మూడో తరగతి. అందుచేత డాక్టర్ల మాటలు నాకు అర్థమైన మేరకే రాస్తున్నాను.

పిల్లాడు పుట్టినప్పుడు నున్నగా, బరువుగా ఉన్నాడు. ఆరో నెలలో అన్నప్రాశన చేశాం. మొదటి ముద్ద నేనే పెట్టాను. ఆ నెల దాటగానే చెవిలోంచి చీము. అది తగ్గీ తగ్గకుండానే దగ్గు, దాని వెనకే జ్వరం. పక్కింటి బెంగాలీ ఆవిడ, అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదని అడిగింది. నాదే అన్నాను. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అనేసి ఉంటే నాలుగు తిట్టేదాన్ని.

రెండో ఏడు వచ్చేసరికి నిమోనియా ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఊళ్ళో ఒక డాక్టరు టీబీ అన్నాడు. మందు మొదలుపెట్టారు. ఆ మందుకి పిల్లాడి ఉచ్చ నారింజ రంగులో వచ్చేది. గుడ్డలు ఎంత ఉతికినా ఆ రంగు పోయేది కాదు. వాడు మాత్రం చిక్కిపోతున్నాడు. ఎత్తుకుంటే వీపు మీద ఎముకలు చేతికి తగిలేవి. మందు మారితే బతుకుతాడో, మార్చే లోపే పోతాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందరూ వాడి ఊపిరే వింటూ తిరిగేవారు.

నాకు ఇంకో పిల్లాడి ఊపిరి గుర్తొచ్చేది. మా తమ్ముడిది. నాకు ఆరేళ్ళప్పుడు వాడూ ఇలాగే రొప్పుతూ, చెవి కారుతూ, పాకుతూ పాకుతూ ఉండగానే పోయాడు. గుర్తొచ్చిందని నేను ఎవరితోనూ అనలేదు. పోయిన పిల్లల ఊసు బతికున్న పిల్లల దగ్గర ఎత్తడం మా వైపు లేదు.

కలకత్తాలో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ మంచిదని వర్క్‌షాపులో ఎవరో చెబితే, అమ్మాయీ అల్లుడూ రైల్వే పాసు మీద పిల్లాణ్ణి తీసుకుని రెండు మూడుసార్లు వెళ్ళివచ్చారు. ఆ తరవాతిసారి అల్లుడికి సెలవు దొరకలేదు. నేను వెళ్ళాను. అంతకు ముందు నేను కలకత్తా చూసింది కాళీఘాట్ వరకే.

డాక్టరమ్మ నా కంటే చాలా చిన్నది. మాట గట్టిది. ఎక్స్‌రేలు దీపానికి ఎత్తి చూసి, బెంగాలీలో మా అమ్మాయితో, "టీబీ మందు ఆపేద్దాం. ఇది టీబీ కాదు. కాని ఏమిటో అంతు చిక్కడం లేదు. ఊపిరితిత్తి లోంచి చిన్న ముక్క తీసి చూడాలి" అంది.

"ఎలా తీస్తారు?" అంది అమ్మాయి.

"పక్క కోసి."

పిల్లాడు నా ఒళ్ళో బిస్కెట్టు నాకుతున్నాడు. కొరికే ఓపిక లేక నాకుతున్నాడు. వాడి పక్క మీద నా అరచెయ్యి వేశాను. అరచెయ్యి వేస్తే పక్కంతా కప్పేసింది. ఇందులో ఎక్కడ కోస్తారు అనుకున్నాను.

డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ అంది. "మొదటిసారి వచ్చినప్పుడే అడిగాను కదా, తల్లి వైపు మగపిల్లలు చిన్నతనంలో ఎవరైనా పోయారా అని. మీ అమ్మని ఎవరి దగ్గరో తీసుకుని పెంచుకున్నారు, అసలు వాళ్ళ సంగతి తెలియదు అన్నావు. అందుకని ఆ దారి వదిలేశాను. లేకపోతే ముందు అటే చూసేదాన్ని."

బజారు బెంగాలీ నాకు బాగానే వచ్చు. అయినా సరిగ్గా విన్నానా అని అమ్మాయి మొహం చూశాను.

"ఒలే, నన్నెక్కడి నుంచి తెచ్చుకున్నారే?"

"నువ్వే సెప్పినావు కదమ్మా, తవుడిచ్చి కొన్నారని. సెలవులకి ఎల్నప్పుడల్లా ఆ నూనెగానుగ అమ్మమ్మ ఇంటికి తీస్కెల్లి, నాను ఈవిడ పిల్లనే, దణ్ణం ఎట్టండి అనేదానివి. ఆవిడా 'నా పిల్ల వొచ్చింది' అని నిన్ను ముద్దెట్టుకునీది. మరి నువ్వు ఆవిడ పిల్లవే కదా."

దాని తప్పు లేదు. అది పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లో. ఊళ్ళో పుట్టిన పిల్లయితే అడగక్కర్లేకుండానే తెలిసేది.

చదివేవాళ్ళలో మా వైపు వాళ్ళు కానివారు ఉంటారు కనక చెబుతున్నాను. వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో ఇంకొకరు పుడితే, ఆ బిడ్డని చేటలో పెట్టి తీసుకెళ్ళి పెంట మీద పడుకోబెడతారు. పక్కింటావిడ ఎవరో వచ్చి, ఎవరో పారేసుకున్న బిడ్డ దొరికిందని ఎత్తుకుంటుంది. తల్లి వెళ్ళి, నాకివ్వమ్మా అని అడిగి, తవుడు కొలిచి ఇచ్చి కొనుక్కుంటుంది. అంటే ఆ బిడ్డ ఆ ఇంటిది కాదు. ఆ ఇంటి పిల్లల్ని పట్టుకుపోయే దానికి ఈ బిడ్డ మీద హక్కు లేదు. పేరు కూడా దానికి తగ్గట్టే పెడతారు. నా పేరు వింటే మా వైపు వాళ్ళు ఎవరైనా, "ఓహో, ముందు పోయినోళ్ళున్నారన్నమాట" అంటారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి కొన్నాక, ఈ పిల్ల మా కడుపున పుట్టింది అని ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. ముందు పోయినవాళ్ళని లెక్క చెప్పకూడదు. చెబితే బేరం రద్దయిపోతుంది.

నేను పుట్టకముందు మా అమ్మకి ముగ్గురు మగపిల్లలు పోయారు. నన్ను ఆ గానుగావిడ దగ్గర కొన్నారు, నేను బతికాను. నా వెనక పుట్టిన తమ్ముణ్ణి, గండం గడిచింది కదా అని కొనలేదు. వాడు పోయాడు. ఆ బేరం పనిచేస్తుందనడానికి ఊళ్ళో ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పిల్లాణ్ణి అమ్మాయి ఒళ్ళో పెట్టి, మంచినీళ్ళు తాగొస్తానని వరండాలోకి వెళ్ళాను. అక్కడ కొళాయి దగ్గర ఎవరో తల్లి చెంబు కడుగుతోంది. ఆవిడ కడగడం అయిపోయి వెళ్ళిపోయింది. నేను కొళాయి తిప్పనే లేదు. ఇన్నేళ్ళూ నేను ఆ ఇంటి పిల్లని అని నోట అనలేదు, మొగుడితో కూడా. అంటే ఏమవుతుందో నాకు తెలియదు. అవుతుందని మాత్రం నమ్మకం ఉంది. అయితే గియితే బేరం నా ప్రాణానికి కదా, వాడి ప్రాణానికి కాదు కదా అనుకున్నాను. మనవణ్ణి చూశాను. చిన్నదాని పెళ్ళి తండ్రి చెయ్యగలడు. లోపలికి వచ్చేశాను.

"డాక్టరమ్మా, మా అమ్మాయికి తెలియక చెప్పింది. నన్ను ఎవరూ పెంచుకోలేదు. నేను మా అమ్మ కడుపునే పుట్టాను" అన్నాను. ఇంక ఆగకుండా నలుగురి సంగతీ చెప్పేశాను. ముగ్గుర్ని నేను చూడలేదు, విన్నదే. నాలుగో వాణ్ణి చూశాను. చెవి కారడం, దగ్గు, పాకే వయసు, అంతా చెప్పాను.

ఆవిడ కలం కింద పెట్టి నావైపు కుర్చీ తిప్పుకుంది.

"మాసిమా, మీ అమ్మగారికి అన్నదమ్ములు?" అంది. పెద్దావిణ్ణి బెంగాలీలో పిన్ని వరసన అలా పిలుస్తారు.

"అందరూ ఆడవాళ్ళే. ఒక అన్న ఉండేవాడట. ఉయ్యాల్లోనే పోయాడట."

"మీ నాన్నగారి వైపు?"

"ఆ వైపు మగవాళ్ళు దున్నపోతుల్లా ఉన్నారు. ఊళ్ళో మా ఇంటిని మగపిల్లలు నిలవని ఇల్లు అనేవారు. అది మా అమ్మతో వచ్చిందని మా నానమ్మ తిట్టేది."

"మీ నానమ్మ తిట్టడం తప్పు. చెప్పింది మాత్రం తప్పు కాదు" అంది డాక్టరమ్మ.

పిల్లాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, చెంచాతో నాలుక నొక్కి, టార్చి వేసి చాలాసేపు చూసింది. వాడు ఏడ్చే ఓపిక కూడా లేక కళ్ళు మూసుకున్నాడు. తరవాత మా అమ్మాయిని దగ్గరికి పిలిచి చూపించింది. "గొంతులో రెండు పక్కలా టాన్సిల్స్ అని గడ్డలుంటాయి. వీడికి లేవు. ఇన్నిసార్లు చూశాను. వాచాయా అని చూశాను గాని, ఉన్నాయా అని చూడలేదు." కోత సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. రక్తం తీసి పంపించింది.

వరండాలోకి వచ్చాక మా అమ్మాయి పిల్లాణ్ణి ఎత్తుకుని నా కోసం చూడకుండా ముందు నడిచింది. హౌరాలో రైలెక్కాం. సాంత్రాగాచి స్టేషను దాటాక అంది:

"నలుగురు మేనమామలు పోయారని ఇయ్యాల తెలిసింది నాకు. అదీ డాక్టరమ్మకి సెప్తుంటే పక్కనుంచి వినాల."

"నువ్వెప్పుడూ అడగనేదు."

"అడగడానికి ఒకటుందని తెలిస్తే కదమ్మా అడుగుతాను. టీబీ అని ఎన్నాళ్ళు మింగించినాం ఆడికి."

"మా అమ్మ నాతో సెప్పిందేటి? ఊరందరూ సెవుల్లో ఏస్తే తెలిసింది."

"ఇక్కడ ఊరేదీ మనకి?"

పిల్లాడు దాని భుజం మీద నిద్రపోయాడు. నేను వాడి కాలి చెప్పు ఊడిపోకుండా పట్టుకు కూర్చున్నాను.

ఇంటికొచ్చి మా ఇంటాయనకి చెప్పాను. ఆయన చుట్ట ఆర్పేసి, "నీ పేరు ఇన్ననాడే ఎవురో పోయుంటారని తెలుసు నాకు. నలుగురని తెలీదు. ఎలాగెలాగ పోయారని ఆడోళ్ళని ఎలాగడుగుతాం" అన్నారు. ఇంట్లో అందరికీ కొంచెం కొంచెం తెలుసు. కలిపి చూసినవాళ్ళు లేరు.

రక్తం ఫలితం వచ్చిన రోజు ఆయన కూడా వచ్చారు. డాక్టరమ్మ మొదట మంచిమాట చెప్పింది. ఇది ఏదో తెలిసిందనీ, కోత అక్కర్లేదనీ, మందు ఉందనీ. ఆ తరవాత చెడ్డమాట. మందుతో నయం కాదు, మందు ఆపకుండా బతికినన్నాళ్ళూ ఇస్తూ ఉండాలి. ఇప్పటికే ఊపిరితిత్తుల్లో కొంత పాడయిన చోటు అలాగే ఉండిపోతుంది.

"వీడి రక్తంలో రోగాలతో పోట్లాడే సరుకు లేదు. సున్నాకి దగ్గర. పుట్టినప్పుడు తల్లి ఇచ్చినది ఆరు నెలలు కాసింది. అది అయిపోగానే మొదలైంది" అంది.

నా గుండె మీద నుంచి నా చేతి ముద్ద ఒకటి దిగింది. అన్నం కాదన్నమాట.

మా ఇంటాయన రిటైరైనా డ్యూటీ మనిషే. ఏ పని ఎలా జరుగుతుందో తెలియకపోతే తోచదు. "అమ్మా, రేపొచ్చే రోగం ఏదో ఒంటికి ముందే ఎలా తెలుస్తుంది, దానికి తగ్గ సరుకు తయారుచేసుకోడానికి?" అని బెంగాలీలో అడిగారు.

"తెలియదు" అంది ఆవిడ. "తెలియదు కనకనే అన్ని రకాలూ ముందే చేసి పెట్టుకుంటుంది."

"ఎన్ని రకాలు?"

"కోట్లు."

"కోట్ల రకాలకి కోట్ల నమూనాలు కావాలి కదా. అంత చోటు ఎక్కడుంది ఒంట్లో?"

ఆవిడ నవ్వింది. బయట రోగులు కూర్చుని ఉన్నా ఆవిడ ఆ ప్రశ్నకి కుర్చీలో వెనక్కి వాలింది. "నమూనాలు పూర్తిగా దాచుకోదు, ముక్కలుగా దాచుకుంటుంది. ముక్కలు వరసల్లో ఉంటాయి. ఈ సరుకు చేసే కణం ప్రతిదీ, పుట్టేటప్పుడు మొదటి వరస నుంచి ఒక ముక్క, రెండో వరస నుంచి ఒకటి, మూడో దాని నుంచి ఒకటి తీసుకుని, మధ్యలోవి కోసి పారేసి, తీసుకున్నవి అతికించుకుంటుంది. ఆ ముక్కలు రాత లాంటివి, అతికే చోట నాలుగు అక్షరాలు ఎక్కువో తక్కువో కూడా పడతాయి. ఒక కణం అతికించుకున్నట్టు ఇంకోటి అతికించుకోదు. ముక్కలు కొన్ని వందలే. అయ్యే రకాలు కోట్లు."

"ఇది మా నింపురా యార్డే" అన్నారు మా ఇంటాయన. "లైన్లు ఇన్నే. బళ్ళు ఇన్నే. ఈ లైను నుంచి రెండు, ఆ లైను నుంచి నాలుగు తగిలిస్తే అయ్యే బళ్ళ వరసని మేం రేకు అంటాం, అది రోజూ కొత్తదే. ఒకనాడు చేసిన రేకు ఇంకోనాడు చెయ్యలేదు నా సర్వీసులో."

"అంతే. కాని మీకు కంట్రోల్ నుంచి ఆర్డరు వస్తుంది కదా, ఏ బండి ఎక్కడికని. ఇక్కడ ఆర్డరు లేదు. కళ్ళు మూసుకుని తగిలించడమే."

ఆయన మొహం ఎలా అయిందంటే, రిటైరైన యార్డులో ఏదో ప్రమాదం జరిగిందని విన్నట్టయింది. నావైపు తిరిగి తెలుగులో, "కంట్రోల్ నేకుండా యార్డేటే?" అన్నారు.

నాకు పట్టింది అది కాదు. "కళ్ళు మూసుకుని చేస్తే పనికిరానివి ఎక్కువ వస్తాయి కదమ్మా?" అని అడిగాను.

"చాలా వస్తాయి మాసిమా. కొన్ని అతకవు. కొన్ని సొంత ఒంటి మీదకే తిరుగుతాయి, వాటిని చంపేస్తుంది. మిగిలినవాటిలో కూడా చాలావాటికి జన్మంతా పని పడదు. అలాగే పోతాయి."

నేను చిరిగిన చీర పారేయకుండా బొంతలో వేసి కుట్టేదాన్ని. ముక్కలు దాచుకోవడం వరకు నా తీరే ఉంది అనుకున్నాను. చేసినవి పారేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు. కాని ఆ దుబారా చెయ్యని ఒళ్ళు ఎలా ఉంటుందో నా ఒళ్ళోనే ఉంది, రొప్పుతోంది.

"మరి మావాడికి ముక్కలు లేవా?"

"అన్నీ ఉన్నాయి. మొదటి అతుకు కూడా పడుతుంది. అది పడ్డాక, సరే, ఇంక ముందుకి నడువు అని లోపల ఒక సైగ రావాలి. ఆ సైగ ఇచ్చేది వీడిలో పనిచేయదు. కణం అక్కడే ఆగి చచ్చిపోతుంది." ఆవిడ మా ఇంటాయన వైపు చూసింది. "సిగ్నల్ పడదు. రేకు యార్డు దాటదు."

ఆయన తల ఊపారు. ఆ మాట ఆయనకి ఎవరూ మళ్ళీ చెప్పక్కర్లేదు.

కణం లోపల ఆ సైగ రాసి ఉన్న దారం తల్లి నుంచి వస్తుందనీ, ఆ చోటు ఎక్కడో ఈ మధ్యే విదేశాల్లో కనిపెట్టారనీ చెప్పింది. ఆడవాళ్ళకి అలాంటి దారాలు రెండు. ఒకటి చెడితే ఇంకొకటి పనిచేస్తుంది. మగపిల్లాడికి ఒక్కటే. చెడ్డది వస్తే ఇంక ఆసరా లేదు. "మీలో ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. మీ అమ్మగారిలోనూ అంతే. ప్రతి బిడ్డకీ సగం సగం. ఏది వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు."

"నేను ఎందుకు బతికాను?" అన్నాను. అడగాలని అనుకోలేదు. వచ్చేసింది.

"మీరు ఆడపిల్ల కనక."

అంతే చెప్పింది. తవుడు సంగతి ఆవిడకి తెలియదు. మా అమ్మాయి నా మొహం చూసి, తల దించుకుంది. ఇన్నేళ్ళుగా నన్ను కొనుక్కున్నారు కనక బతికానని నా లోపల ఒక ధీమా ఉండేది. ఎవరో నా కోసం బేరమాడారు, దాన్ని మోసం చేసి నన్ను దక్కించుకున్నారు అని. ఎవరూ దక్కించుకోలేదు. మోసపోయినవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆ గానుగావిడ ముద్దు పెట్టుకున్నది మాత్రం నిజం.

ఖరగ్‌పూర్‌లో మా వైపు ఆడవాళ్ళు నాకు కొడుకులు లేరని జాలిపడేవారు. ఆ రోజు రైల్లో కూర్చుని, పుట్టని కొడుకుల్ని తలుచుకుని భయపడ్డాను. తరవాత చిన్నది గుర్తొచ్చింది. బడి నుంచి వచ్చి తాళం తీసుకుని ఉంటుంది. దానిలో ఏ దారం ఉందో. చూసి చెప్పే పరీక్ష మన దగ్గర ఇంకా లేదని డాక్టరమ్మ అంది. పెళ్ళివారికి ఏం చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది. ఈసారి చెప్పకుండా ఉండటం ఉండదు, దానితో మాత్రం ముందు చెప్పాలి అనుకున్నాను. అనుకోవడం రైల్లో తేలిక.

సీసాలో మందుకి ఏ రంగూ ఉండదు, నీళ్ళలా ఉంటుంది. నాలుగు వారాలకోసారి కలకత్తా వెళ్ళి పూటంతా చేతికి ఎక్కించుకుని రావాలి. ధర సంగతి రాయను. మా ఇంటాయన పదవీ విరమణ డబ్బు దేనికి దాచామో దానికి కాక దీనికి అయింది, అంతే. ఎక్కుతున్నంతసేపూ నేను ఆ బొట్టు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి నర్సుని, ఇది దేంతో చేస్తారని అడిగాను. మనుషుల రక్తంతోనే అంది. ఒకరిది కాదు, ఎక్కడెక్కడివాళ్ళదో వేల మందిది కలిపి, అందులోంచి ఈ సరుకు ఒక్కటీ తీస్తారు అంది. ఒకరి రక్తంలో అన్ని రోగాలకీ జవాబు ఉండదు కదా, ఒకరికి వచ్చిన రోగం ఇంకొకరికి వచ్చి ఉండదు. అందుకని అందరిదీ కలుపుతారట.

నేను బయట నీళ్ళు తాగని మనిషిని. రైల్లో పక్కవాళ్ళ చీర తగిలితే జరిగి కూర్చుంటాను. మా పిల్లాడి ఒంట్లో ఎవరెవరి జ్వరాలో, ఎవరెవరి దగ్గులో, వాళ్ళు పడి లేచిన పడకలన్నీ బొట్టు బొట్టుగా వెళ్తున్నాయి.

ఆ మందుతో వాడికి ఎముకల మీద కండ వచ్చింది. చెవి కారడం ఆగింది. బడికి కూడా వేశాం. కాని ఎక్కించిన సరుకు అరిగిపోతుంది. మొదటి రెండు వారాలు వాడు గంతులేస్తాడు. మూడో వారం దాటితే వాడి దగ్గు మారుతుంది. వంట చేస్తున్నా, బట్టలుతుకుతున్నా నా చెవి అటే ఉంటుంది. అమ్మాయీ నేనూ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం, అదీ వాడి గురించే. "నిన్న కంటే ఎక్కువైందా?" "అలాగే ఉంది." మిగతా మాటలు రావడానికి ఇంకా టైము పట్టింది.

మా వీధి క్లబ్బు కుర్రాళ్ళు ఏటా రక్తదాన శిబిరం పెడతారు. మైకులో పాటలు, పందిరి, మడత మంచాలు, రక్తమిచ్చినవాళ్ళకి ఒక అరటిపండూ గుడ్డూ సందేశ్ మిఠాయీ. పూర్వం నేను మా ఇంటాయన్ని ఆ వైపు పోనిచ్చేదాన్ని కాదు. ఒంట్లోది ఊరికే ఇచ్చే సరుకేమిటని. వాడికి అయిదో ఏడు నడుస్తుండగా, శిబిరం పెట్టిన రోజు నేను చీర మార్చుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను.

కాగితం రాసే కుర్రాడు తలెత్తి, "మాసిమా, ఎవరి కోసం వచ్చారు?" అన్నాడు.

"నేనే ఇస్తాను."

"వయసు దాటిపోయింది మాసిమా. మీ దగ్గర తీసుకోకూడదు."

"వయసు దాటింది కనకే తీసుకోవాలి. మశూచి వచ్చి బతికాను, చూడు మచ్చలు. కలరా వచ్చింది. తట్టు, గవదలు, మలేరియా, అన్నీ వచ్చి పోయాయి. నీకు ఏం వచ్చింది? జలుబు. మా మనవడికి ఎక్కించే సరుకు నీ రక్తంలో ఏముంటుంది?"

వరసలో వాళ్ళు నవ్వారు. డాక్టరు ఒకాయన లేచి వచ్చి నమస్కారం పెట్టి, "మాసిమా, ఇది ఆపరేషన్ పేషెంట్లకి వెళ్తుంది. మీరనుకున్నదానికి కాదు" అన్నాడు.

"ఎవరికో ఒకరికి వెళ్తుందా లేదా?"

"వెళ్తుంది."

"అయితే తీసుకో."

తీసుకోలేదు. నేను లేవలేదు. పందిరి కింద కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. వచ్చి తొంగిచూసి పోదామనుకున్న ప్రతి కుర్రాణ్ణీ, "ఏం బాబూ, సూదంటే భయమా? మీ అమ్మని పిలవనా?" అని అడిగాను. క్లబ్బువాడు, "వచ్చే ఏడు మైకు అద్దెకి తేనక్కర్లేదు, మాసిమాని కూర్చోబెడితే చాలు" అన్నాడు. మా అల్లుడు డ్యూటీ దిగి వచ్చి, నన్ను అక్కడ చూసి సిగ్గుపడి, ఇంక తప్పక మంచం మీద పడుకున్నాడు. మా అమ్మాయి కూడా వచ్చింది. బరువు చాలదని దాన్ని పంపించేశారు. వెళ్ళేటప్పుడు నా కుర్చీ దగ్గర ఆగి, "అమ్మా, పొద్దున్నుంచి ఏటైనా తిన్నావా?" అంది. ఏడాది పైనుంచి అది నన్ను ఆ మాట అడగలేదు.

శిబిరం ఎత్తేసేటప్పుడు వాళ్ళు నా చేతిలో కూడా ఒక అరటిపండు పెట్టారు. ఇంటికి తెచ్చాను. మనవడు గడప మీద కూర్చుని ఉన్నాడు. మూడో వారం దాటింది.

"అమ్మమ్మా, రత్తం ఇచ్చినావా?"

"తీసుకోనేదు."

"మరి అరటిపండు ఎందుకిచ్చినారు?"

"గొడవాడినందుకు."

వాడికి నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. వాడు వంగిపోయి దగ్గుతుంటే నేను వీపు మీద చెయ్యి వేసి, అది ఎంత లోపలి నుంచి వస్తోందో వింటూ నిలబడ్డాను. ఆగింది. వాడు కళ్ళు తుడుచుకుని పండు ఒలిచాడు. సగం విరిచి నాకిచ్చాడు.

"నువ్వే తిను" అన్నాను.